పన్నెండో జాగ

ఆదిలాబాద్ ఊరి చివర పెన్‌గంగ నూలు మిల్లు వాళ్లు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీము కట్టింది పంతొమ్మిది వందల ఎనభై ఆరులో. మిల్లు యజమాని భార్య బొంబాయిలో చదువుకునే రోజుల్లో ఆ ఆట ఆడిందట. ఆమె సరదా కొద్దీ సిమెంటు కోర్టు వేయించారు, కోచ్‌ను పెట్టారు. టీములో చోటు దొరికిన ప్రతి పిల్లకూ మిల్లు ఆఫీసులో ఉద్యోగం. పగలు బల్ల ముందు, సాయంత్రం కోర్టులో. ఆట ఆడితే జీతమిస్తారట అని విని నిజామాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి, అటు నాందేడ్ నుంచి కూడా పిల్లలు సెలెక్షన్‌కు వచ్చారు. తీసుకునేది పన్నెండు మందినే.

రెండో రోజు సాయంత్రం కోచ్ అంబదాస్ కోర్టు మధ్యలో నిలబడి పేర్లు చదివాడు. చిట్టచివరి పేరు ప్రమోదినిది. పేరు వినగానే తనకు తెలియకుండానే పక్కనున్న పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల మెల్లగా చెయ్యి విడిపించుకుంది. అప్పుడు గాని ప్రమోదినికి తట్టలేదు, పన్నెండు పేర్లు అయిపోయాయని, ఆ పిల్ల పేరు అందులో లేదని.

ఆ పిల్ల అనసూర్య. సిరిసిల్ల పిల్ల. తండ్రి అక్కడ సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద కూలికి బట్ట నేసేవాడు. తల్లి శంకరవ్వ బీడీలు చుట్టేది. అనసూర్య పొట్టిగా, సన్నగా ఉండేది. బంతి చేతికి చిక్కిందంటే ఎదుటివాళ్లు తిరిగి చూసేలోపల రింగు కింద ఉండేది. రెండు రోజులూ గోడ మీద కూర్చున్న మిల్లు కూలీలు ఆమెను చూసే ఈలలు వేశారు.

వెనక నుంచి ఎవరో అన్నారు. "గా పొడుగామె మేనేజరు సారు ఇంట్లనే దిగింది. ఆమెకు రాక ఇంకెవలకొస్తది?"

అది అబద్ధం కాదు. మేనేజరు శ్రీధర్‌రావు ప్రమోదిని తల్లికి పెదనాన్న కొడుకు. తండ్రి శ్యాంసుందర్‌రావు ఆమెను వెంటబెట్టుకొని కరీంనగర్ నుంచి వచ్చి, ఆయన క్వార్టరులోనే దిగాడు. వాళ్లది హుస్నాబాద్ దగ్గరి ఊరు. అక్కడ వాళ్ల గడీకి, ఊరు ఏలిన దొరల ఇంటికి, తాళం పడి అయిదారేళ్లయింది. ఇప్పుడు కరీంనగర్‌లో రైసు మిల్లు నడుపుకుంటున్నారు. మొదటి రోజు ఆట అయిపోయి ప్రమోదిని కాళ్లు కడుక్కుంటుంటే తండ్రి వచ్చి చెప్పాడు.

"మీ మామయ్యకు చెప్పిన బిడ్డా. ఇగ ఫికర్ చెయ్యకు."

"ఏం చెప్పినవు బాపు?"

"ఏం చెప్తరు? మన పిల్ల అని చెప్పిన."

ఆమె చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి తన ఎత్తు చూసి చుట్టాలు నవ్వేవాళ్లు. కాలేజీలో ఆట మొదలుపెట్టాకే ఆ ఎత్తు మీద ఆమెకు సిగ్గు పోయింది. ఎండాకాలం సెలవుల్లో ఎవరూ లేని గ్రౌండులో ఒక్కతే గంటల తరబడి ఎగిరి బోర్డును ముట్టుకునేది. అదంతా ఇప్పుడు ఒక్క మాటలో తండ్రి చేతిలోకి పోయినట్టనిపించింది. కాని తండ్రి ముఖంలో సంతోషం తప్ప ఏమీ లేదు. ఏమని కోపగించుకోవాలి?

* * *

అనసూర్య సిరిసిల్లకు తిరిగి వెళ్లలేదు. ఆటలో జాగ దొరకకపోతేనేం అని అదే మిల్లులో రీలింగ్ సెక్షన్లో కూలికి కుదిరింది. రోజంతా నిలబడి నూలు చిలపలు చుట్టే పని. సాయంత్రం జుట్టు నిండా దూదిపింజలతో కోర్టు దగ్గరికి వచ్చేది. అంబదాస్ కాదనలేదు. రెండు జట్లుగా ఆడేటప్పుడు ఎవరైనా తక్కువైతే ఆమెను దింపేవాడు. ఆమె దిగిందంటే గోడ మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు.

ప్రమోదిని ఆటకు ఎవరూ లేచి నిలబడేవాళ్లు కాదు. ఆమె పని రింగు కింద. ఎవరో వేసిన బంతి బోర్డుకు కొట్టుకొని తిరిగొస్తే పదిమంది మోచేతుల మధ్య ఎగిరి అందుకొని, వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. తరువాత ఏమైనా పేరు వచ్చేది ఆ ఇంకొకరికే. దెబ్బలు మాత్రం తనకు. రోజూ మామయ్య క్వార్టరుకు పోయి వేడినీళ్లతో మోకాళ్లకు కాపడం పెట్టుకునేది. ఆదిలాబాద్ పిల్ల జానకీబాయి టీముకు కెప్టెన్. ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్లు. ఆమెకు ప్రమోదిని అంటే ద్వేషమేమీ లేదు. కాని మాట దాచుకునే మనిషి కాదు.

"చూడు చెల్లె," అంది ఒకరోజు షూ లేసులు కట్టుకుంటూ. "నువ్వు కష్టపడ్తవు. అది నేను చూస్తున్న. కానీ అందరు అంటున్రు, ఆ సిరిసిల్ల పిల్ల జాగల నువ్వు కూసున్నవని."

"నువ్వేమంటవు అక్కా?"

జానకీబాయి లేసు ముడి బిగించింది. "నాకేం తెలుసు? నువ్వు మేనేజరు చుట్టం కాకుంటె చెప్పేదాన్ని."

ఆ మాట ప్రమోదినికి నెలల తరబడి చెవుల్లో ఉండిపోయింది. తను బాగా ఆడిన రోజున కూడా అదే. నిజామాబాద్‌లో ఒక ఆటలో ఎదుటి జట్టుకు ఒక్క బంతీ దొరకనివ్వకుండా రింగు కిందంతా తనే అయింది. గెలిచారు. తిరిగొచ్చే బస్సులో ఎవరో అన్నారు, "వాళ్ల టీముల పొడుగు పిల్ల ఒక్కతన్న ఉండెనా? లేకపాయె." అంతే. మిగతావాళ్లు పాటలు పాడుకుంటున్నారు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

చలికాలంలో నాందేడ్ టోర్నమెంటు వచ్చింది. చిన్న పట్టాల రైలెక్కి పోయారు. సెమీఫైనల్లో జానకీబాయి ఐదో ఫౌలు చేసి బయటికి రావలసి వచ్చింది. అంబదాస్ బెంచీ మీద అటూ ఇటూ చూసి ప్రమోదినిని పంపాడు. ఆట ముగియబోతుండగా వాళ్లు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. బంతి అందుకొని ఎగరబోయిన ప్రమోదినిని ఎదుటి పిల్ల తోసింది. రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు.

ఎవరూ అడ్డం రారు. గీత దగ్గర నిలబడి విసరడమే. మొదటి బంతి రింగు అంచు మీద తిరిగి తిరిగి బయటికి పడింది. రెండోది విసిరేముందు ఆమెకు ఆట గుర్తు లేదు. ఇది పడకపోతే ఏమంటారో, అదొక్కటే గుర్తుంది. బంతి రింగుదాకా పోనేలేదు.

రైలులో ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండునని ఆమెకు అనిపించింది. మిల్లు గేటు దగ్గర దిగేసరికి వార్త ముందే వచ్చింది. వాచ్‌మన్ హనుమండ్లు మంచివాడు, రోజూ నవ్వి పలకరించేవాడు. ఆ రోజు ఆమె వినేలాగానే పక్కవాడితో అన్నాడు.

"అనసూర్యను తీస్కపోతె గెలుస్తుంటిమి. దొర బిడ్డను తీస్కపోయిన్రు."

* * *

మర్నాడు ఆమె అంబదాస్ దగ్గరికి వెళ్లింది. ఆయన కోర్టు పక్కన బంతులకు గాలి కొడుతున్నాడు. యాభై దాటిన మనిషి. మిలిటరీలో ఉన్నప్పుడు ఆడి ఒక మోకాలు పోగొట్టుకున్నాడు.

"సార్, ఒక మాట అడుగుత. నిజం చెప్పున్రి. నన్ను మామయ్య చెప్పిండనే తీసుకున్నరా?"

ఆయన పంపు ఆపలేదు. "నిన్నటి ఆట గురించి పరేషాన్ అవుతున్నవా? ఫ్రీ త్రో నేను గూడ మస్తు పోగొట్టిన."

"నిన్నటిది కాదు సార్. మొదటిది."

ఆయన ఆఫీసు వైపు ఒకసారి చూశాడు. శ్రీధర్‌రావు గది కిటికీ తెరిచే ఉంది. "ఆడు బేటీ," అన్నాడు. "ఆడుకుంట పో. ఇంకేం ఆలోచన చెయ్యకు." మళ్లీ బంతి మీదికి వంగాడు.

ఆ వారం ఆమె కరీంనగర్ వెళ్లి తండ్రిని అడిగింది. శ్యాంసుందర్‌రావు రైసు మిల్లు నుంచి వచ్చి కుర్చీలో నడుం వాల్చి ఉన్నాడు.

"బాపు, నువ్వు చెప్పకుంటె నాకు జాగ వచ్చేదా?"

"ఏం మాటే అది? చెప్పకుంటె ఎవలిస్తరు?"

"నేను మంచిగ ఆడుతనని ఇయ్యరా?"

"నువ్వు మంచిగ ఆడవని ఎవలన్నరు? మంచిగనే ఆడుతవు. మంచిగ ఆడేటోళ్లు మస్తుమంది ఉంటరు బిడ్డా. అండ్ల ఒకలను తియ్యాలంటె ఏం చూస్తరు? ఎవల పిల్లనో చూస్తరు. లోకం గట్లనే ఉంటది."

తల్లి నిర్మలాదేవి చాయ్ తెచ్చి పెట్టి, కూతురు ముఖం చూసి, "ఏమన్నరే నిన్ను ఆడ?" అని అడిగింది. ఏమీ అనలేదని చెప్పింది ప్రమోదిని. ఆ ఇంట్లో ఎవరికీ తన బాధ ఏమిటో అర్థం కాదు. అర్థమైతే బాపు బాధపడతాడు. ఇంతకు మించి కూతురికి ఏం చెయ్యగలనని ఆయన చేశాడు? ఆమె చాయ్ తాగి, మర్నాడు పొద్దున బస్సుకు తిరిగి వెళ్లిపోయింది.

దారి పొడుగునా ఒకటే లెక్క. తను నిజంగా తగినదైతే తెలుసుకునే దారి లేదు. తగనిదైతే అనసూర్య రోజూ నిలబడి నూలు చుట్టడం తన వల్లనే. తెలియని దానికోసం ఇంకెన్నాళ్లు పట్టుకొని వేలాడాలి? నిర్మల్ దాటేసరికి ఆమె మనసులో నిర్ణయమైపోయింది.

ముందు అనసూర్యకే చెప్పింది. షిఫ్టు వదిలి ఆడవాళ్లంతా గేటు వైపు నడుస్తున్నారు. అనసూర్యను పక్కకు పిలిచి, "నేను ఇడుస్తున్న. నా జాగ నువ్వు తీసుకో," అంది.

అనసూర్య కొంగుతో మెడ తుడుచుకుంటూ ఆమెను పైకీ కిందికీ చూసింది.

"ఎందుకు?"

"నువ్వు నాకంటె మంచిగ ఆడుతవు. అందరు అంటున్రు."

"నువ్వేమంటున్నవు?"

ప్రమోదిని గేటు వైపు చూసింది.

"చూడు," అంది అనసూర్య. "నేను అబద్ధం చెప్ప. నాకు నీ జాగ కావాలె. ఆఫీసుల కూసునే కొలువు దొరికితె మా అవ్వ బీడీలు చుట్టుడు బంద్ చేపిస్త. ఆమెకు దగ్గు తగ్గుతలేదు. కానీ నువ్వు ఇడిస్తె నాకే ఇస్తరని నీకెవలు చెప్పిన్రు?"

"ఇంకెవలకిస్తరు? నీకంటె ఎవలున్నరు?"

అనసూర్య నవ్వింది, ఎగతాళిగా కాదు. "సరే. ఇడుసు మరి. చూద్దాం."

* * *

శ్రీధర్‌రావు రాజీనామా కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు. ఒంట్లో బాగా లేదా అని అడిగాడు. పెళ్లి సంబంధం ఏమైనా వచ్చిందా అని అడిగాడు. రెండూ కాదని తెలిశాక కొంత చిన్నబుచ్చుకున్నాడు.

"మీ బాపుకు తెలుసా?"

"తెలువదు మామయ్యా. నా జాగ అనసూర్యకు ఇయ్యున్రి. రీలింగుల పని చేస్తది. ఆమె ఆట మీరు గూడ చూసిన్రు."

"చూస్త," అన్నాడు ఆయన.

ఆ వారమంతా అనసూర్య షిఫ్టు అయిపోగానే జుట్టు దులుపుకొని, శుభ్రమైన రిబ్బను కట్టుకొని కోర్టుకు వచ్చింది. ప్రమోదిని క్వార్టరులో సామాన్లు సర్దుకొని, కబురు విన్నాకే పోదామని ఆగింది. సోమవారం టీములోకి కొత్త పిల్ల వచ్చింది. హైదరాబాద్ నుంచి. జిల్లాలో ఒక పెద్ద ఆఫీసరు తమ్ముడి కూతురు. తెల్లటి కొత్త బూట్లు వేసుకుంది. బంతిని రెండు చేతులతో గుండెకు హత్తుకొని పట్టుకునేది, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు. పాపం, ఆ పిల్ల కూడా బెదిరిపోయే ఉంది.

ప్రమోదిని పరుగున మేనేజరు గదికి వెళ్లింది.

"మామయ్యా, నేను ఇడిసింది అనసూర్య కోసం."

"అమ్మా ప్రమోదినీ," అన్నాడు శ్రీధర్‌రావు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు కూసున్నన్ని దినాలు అది నీ జాగ. ఇడిసినంక మిల్లు జాగ. ఎవలకిచ్చేది నువ్వెట్ల చెప్తవు? పై నుంచి ఫోన్ వచ్చింది. నన్నేం చెయ్యమంటవు?"

"గట్లయితె నేను మల్ల వస్త. నా కాగితం నాకు ఇయ్యున్రి."

"అది బొంబాయి హెడ్డాఫీసుకు పోయింది బిడ్డా."

ఆమె అక్కడే నిలబడి ఉంది. ఆయన ఇంకో ఫైలు తెరిచాడు. కాసేపటికి తల ఎత్తి, "మీ అత్తయ్య ఇంట్లనే ఉన్నది, అన్నం తిని పో," అన్నాడు. ఆయన నిజంగానే అన్నాడు ఆ మాట. తన మీద ప్రేమ ఉన్న మనిషే. అందుకే ఆమెకు అరవడానికి కూడా నోరు రాలేదు.

అనసూర్యకు ముఖం చూపించాలంటే సిగ్గేసింది. అయినా వెళ్లింది. రీలింగ్ సెక్షన్ తలుపు దగ్గర యంత్రాల హోరులో ఇద్దరూ నిలబడ్డారు.

"నేను చెప్పలేదా?" అంది అనసూర్య చెవి దగ్గరికి వంగి.

"నన్ను మాఫ్ చెయ్యి."

"నువ్వేం చేసినవని? నువ్వు ఉన్నప్పుడు అంబదాస్ సారు నన్ను ఆడనిచ్చేటోడు. ఇప్పుడు ఆ పిల్లకు నేర్పాలెనట, బయటోళ్లు కోర్టుల ఉండొద్దని ఆర్డర్ వచ్చింది." జుట్టులోని దూదిపింజ తీసి పారేసింది. "ఫో. నాకు పని ఉన్నది," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం బస్టాండుకు అంబదాస్ వచ్చాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఆమె ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కించాడు. బస్సు కదలడానికి ఇంకా టైముంది. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఎటో చూస్తూ మాట్లాడాడు.

"మొదటి దినం పగటీలి అన్నం యాళ్లకే నా మనసుల పన్నెండు పేర్లు అయిపోయినయి. అండ్ల నువ్వున్నవు. రింగు కింద పని చేసే పిల్ల నాకు కావాలె. గట్ల ఎగిరేటిది నువ్వొక్కతివే. అనసూర్య మస్తు తేజ్. కానీ ఉరికేటోళ్లు నాకు అప్పటికే ముగ్గురున్నరు. పొద్దుగూకినంక మేనేజరు సారు పిలిచి నీ పేరు చెప్పిండు. 'ఉన్నది సార్' అన్న. తను చెప్తేనే పెట్టిన అనుకున్నడు. ఖుషీ అయిండు. నేను కాదనలే."

ప్రమోదిని కిటికీ చువ్వలు పట్టుకుంది. "గా దినం అడిగితె ఎందుకు చెప్పలేదు సార్?"

"కిటికీ తెరిచి ఉండె. నా కొలువు గూడ ఆయన చేతులనే ఉన్నది బేటీ."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నరు?"

ఆయన డ్రైవరు వస్తున్నాడేమోనని వెనక్కి చూశాడు. ఆమె ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. నిజమే చెబుతున్నాడా? ఏడుస్తూ పోతున్న పిల్లకు ఒక మంచిమాట చెప్పి పంపుతున్నాడా? ముసలాయన కళ్లలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు రెండింటికీ వస్తాయి. డ్రైవరు ఎక్కాడు. బస్సు కదిలింది.

* * *

కరీంనగర్‌లో తండ్రి నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు మెత్తబడి, హైదరాబాద్‌లో ఎవరికైనా చెప్పమంటావా అని అడిగాడు. వద్దంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక బ్యాంకు టీము సెలెక్షన్‌కు వెళ్లి వచ్చింది. జాగ రాలేదు. ఆట చాలక రాలేదో, చెప్పేవాళ్లు లేక రాలేదో తెలియదు. మోకాలు వాచి నెల రోజులు మంచం మీద ఉంది. తరువాత బీఎడ్ చదివి, చొప్పదండిలో ఒక బడిలో టీచరుగా చేరింది. మిల్లు వాళ్లు రెండేళ్లకు టీమును ఎత్తేశారని ఎవరో చెప్పారు. యజమాని భార్యకు సరదా తీరిపోయిందట.

ఆరేడేళ్ల తరువాత బడి పిల్లలను కొండగట్టు గుడికి తీసుకెళ్లినప్పుడు, మెట్ల దగ్గర కొబ్బరికాయల దుకాణం ముందు అనసూర్య కనిపించింది. మొదట గుర్తుపట్టింది అనసూర్యే. ఆ ఎత్తును ఎవరు మరిచిపోతారు? అనసూర్య ఒళ్లు చేసింది. చంకలో పిల్లవాడికి అప్పుడే గుండు చేయించారు. పెళ్లయి బొంబాయి దగ్గరి భివండికి పోయిందట, భర్త అక్కడ సాంచెల మీద పనిచేస్తాడట. శంకరవ్వ చనిపోయి మూడేళ్లయిందని చెప్పింది.

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. కోతి రాకుండా ప్రమోదిని కొబ్బరిచిప్పను కొంగు కింద పెట్టుకుంది.

"ఆడుతున్నవా?" అనసూర్య అడిగింది.

"లేదు. నువ్వు?"

"నేనేడ ఆడుత?" పిల్లవాడిని ఇంకో తొడ మీదికి మార్చుకుంది. మామూలుగానే అంది. "నువ్వు మంచిగనే ఆడేదానివి. రింగు కింద నీ లెక్క ఎగిరేటోళ్లు ఆ టీముల ఎవలు లేకుండె. నీ జాగ నీకు వచ్చిందే."

ఈ మాట చెప్పడానికి ఏ లాభమూ లేని మనిషి చెబుతోంది. ఇదొక్కటే నమ్మదగ్గ మాట.

"గా దినం ఎందుకు అనలేదే? నువ్వే నాకంటె మంచిగ ఆడుతవని గేటు కాడ అన్న గదా."

అనసూర్య ఆశ్చర్యంగా చూసింది. "గా దినం ఎట్లంటా? నాకు నీ జాగ కావాలె గదా."

ప్రమోదిని తల ఊపింది. అవును, ఎట్లా అంటుంది?

కింద నుంచి అనసూర్య భర్త పిలిచాడు, సిరిసిల్ల బస్సు వచ్చిందని. అనసూర్య లేచి, పిల్లవాడి గుండు మీద టవలు కప్పి, "పోయొస్త," అని జనంలోంచి దిగిపోయింది. ప్రమోదిని లేవబోయి మళ్లీ కూర్చుంది. బడి పిల్లలు చుట్టూ చేరి ఆకలవుతోందని చెయ్యి పట్టుకొని గుంజుతున్నారు.